కజిన్ అంటే ఏ వరస?

"ఆగాగు. అబ్బాయి పేరు రాబర్ట్."

"అవును నాన్నా."

"వాళ్ళ నాన్న?"

"రాబర్ట్."

"ఆయన నాన్న?"

"ఆయనా... రాబర్టే."

"ఇది వంశమా, రబ్బరు స్టాంపా ఆమనీ? తాత పేరు మనవడికి పెట్టుకోవడం మనకీ ఉంది. తండ్రి పేరు కొడుక్కేంది? ఒకణ్ణి పిలిస్తే ఇద్దరు పలకరూ?"

"కొడుకుని తిట్టినప్పుడల్లా మొగుణ్ణి తిట్టినట్టుంటదండీ. ఆవిడ ఎంత ఇబ్బంది పడిందో పాపం!"

"ఇబ్బందేంది ప్రభా? అట్టాంటి అవకాశం ఊరికే వస్తే ఏ ఇల్లాలు వదులుకుంటది?"

"అమ్మా, నువ్వు వంటింట్లోంచి మాటలు కలపకు. నాన్న లెక్క తప్పితే మళ్ళీ మొదటి రాబర్ట్ నించీ మొదలెడతాడు."

ఆదివారం మధ్యాహ్నం, ఐర్లండ్‌లోని టాలట్‌లో ఆమని అద్దెకుంటున్న ఫ్లాటు. అబ్బాయి తెల్లవాడైనా సరే, ఏడు తరాల వంశం చూపిస్తేగాని పెళ్ళికి ఒప్పుకోనని ఒంగోలులో భీష్మించుకున్న జనార్దనరావు, ఇప్పుడు విమానం దిగొచ్చి కూతురి టీవీ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తెర మీద రాబర్ట్ వాళ్ళ వంశవృక్షం. వంటింట్లో ఆయన భార్య ప్రభావతి. రాబర్ట్ వాళ్ళమ్మని వెంటబెట్టుకుని భోజనానికి బయల్దేరాడు. వాళ్ళు గుమ్మం ఎక్కేలోగా ఈ మహానుభావుడు అవునో కాదో తేల్చాలి.

"సరే, పైకి పో. ఈ మూడో రాబర్ట్ ఎక్కడ పుట్టాడు?"

"బీరూట్‌లో నాన్నా."

"ఐరిష్ అన్నావుగా?"

"ఐరిషే. ఈయనే ఇక్కడికొచ్చి, బ్రేలో ఇల్లు కట్టుకుని ఉండిపోయాడు. అంతకుముందు వాళ్ళది లెవాంట్."

"పదకొండా?"

"పదకొండేంటి?"

"లెవెంత్ అన్నావుగా. పదకొండో తరం దాకా పోయావా? నేనడిగింది ఏడే గదమ్మా!"

"లెవెంత్ కాదు నాన్నా, లెవాంట్! సిరియా, లెబనాన్, పాలస్తీనా, ఆ సముద్రం ఒడ్డంతటినీ పాతరోజుల్లో అట్లా అనేవాళ్ళు. వీళ్ళు ఇంగ్లీషు వ్యాపారస్తులు. ముందు అలెప్పోలో కొట్టు పెట్టారు. అక్కణ్ణించి బీరూట్, బీరూట్ నించి హైఫా, హైఫా నించి బ్రే."

"మధ్యలో ఇంగ్లండెప్పుడు పోయారు?"

"వెళ్ళలేదు."

"ఇంగ్లీషువాళ్ళయ్యుండీ?"

"నూట యాభై ఏళ్ళు వెళ్ళలేదు. పుట్టడం, పెరగడం, పెళ్ళిళ్ళు, అన్నీ అక్కడే. ఇంట్లో పనివాళ్ళతో అరబ్బీ, ఆడవాళ్ళతో ఫ్రెంచి, బాకీలవాళ్ళతో గ్రీకు. ఇంగ్లీషు మాత్రం వింటే ఇంగ్లీషువాళ్ళే నవ్వేవాళ్ళంట."

"ఏం వ్యాపారం?"

"పట్టు, ఎండుద్రాక్ష. ఇంకోటి లికొరిస్. అదే, మనం అతిమధురం అంటామే."

"అతిమధురమా! ఏమండీ విన్నారా, అతిమధురం అమ్మేవాళ్ళంట! గొంతుకెంత మంచిదో! నాకు మంచి ఇల్లులాగానే కనపడతా ఉందండీ."

"దగ్గుమందు అమ్మినంత మాత్రాన మంచి ఇల్లయిపోద్దా ప్రభా?"

"ఇంకో సంగతి చెప్పనా అమ్మా? రాబర్ట్ వాళ్ళ నానమ్మ చిన్నచిన్న వంకాయలు తెచ్చి, లోపల కూరి వండేదట. అలెప్పో వంట."

"గుత్తివంకాయ!"

"దాదాపు. లోపల బియ్యం, కైమా."

"కైమానా? ఆఁ, పోన్లే. కూరింది ఏదైనా వంకాయ వంకాయే. ఒసే, మంచి ప్లేట్లు ఎక్కడున్నాయే?"

"ప్రెస్‌లో ఉన్నాయమ్మా."

"అచ్చాఫీసులో ప్లేట్లేందే?"

"అల్మరాని ఇక్కడ ప్రెస్ అంటారమ్మా! పైది తియ్యి."

"తల్లీకూతుళ్ళిద్దరూ నన్ను పక్కకి లాగాలని చూస్తన్నారు. నేను పక్కకి రాను. ఒంగోల్లో ఎవరింట్లో పెళ్ళి మాటొచ్చినా, వరస కుదురుద్దా జనార్దనరావుగారూ అని మనింటికే గదా వచ్చేది? ఊరందరికీ చూసి, సొంత కూతురికి కళ్ళు మూసుకుని చేసేదా?"

"చూడమనేగా నాన్నా ఇంత కష్టపడింది. నువ్వు అడ్డం పుల్ల వెయ్యడానికి పెట్టావు ఏడు తరాల షరతు..."

"నేను పుల్ల వెయ్యలా."

"వేశావు. వాడికేమో అది పండగైపోయింది. వారం వారం ఎవరో ఒక ముసలాయనకి ఫోన్ చేస్తాడు. మార్సెయిల్‌లో ఒక పెద్దమ్మ దొరికింది, మెల్బోర్న్‌లో ఇద్దరు తాతలు దొరికారు. వాళ్ళంతా ఒకళ్ళకొకళ్ళు తెలీదు, ఇప్పుడు రోజూ గుడ్ మార్నింగులు. వాళ్ళమ్మయితే నీకు దణ్ణం పెట్టాలంటోంది. మీ నాన్న పుణ్యమా అని చచ్చేలోపు మా వాళ్ళందర్నీ చూస్తున్నానని."

"ఆవిడ అట్టా అనిందా?"

"అంది."

"ఊఁ. మనిషి మంచిదే మరి. సర్లే, నాలుగో తరం. ఎడ్వర్డ్. అమ్మయ్య, రాబర్ట్ కాదు. భార్య గ్రీకావిడ. మంచిది, ఎక్కడిదో ఏమో గానీ ఇంటిపేరు వేరు. ఐదో తరం, విలియం వేక్‌ఫీల్డ్. భార్య షార్లెట్. షార్లెట్... ఏంది?"

"షార్లెట్. అంతే."

"పక్కన ఇంకేదో ఉంది. నీ బాణం గుర్తు దాని మీద పెట్టావు. జరుపు."

"అమ్మా, పోపు మాడుతున్నట్టుంది చూడు."

"ఇంకా పోపే పెట్టలేదే."

"ఆమనీ, జరుపు."

"జరిపాను."

"షార్లెట్ వేక్‌ఫీల్డ్. ఇది పెళ్ళయినాక పేరా?"

"కాదు."

"పుట్టింటి పేరా?"

"ఊఁ."

"మొగుడూ వేక్‌ఫీల్డే, పెళ్ళామూ వేక్‌ఫీల్డే! ప్రభా! స్టవ్వార్పేసి ఇట్టా రా! ఇంటిపేరొకటే!"

"అయ్యో అయ్యో. ఇంటిపేరొకటేనా?"

"కజిన్స్ నాన్నా వాళ్ళు! ఊళ్ళో ఉన్నదే నాలుగైదు ఇంగ్లీషు కుటుంబాలు. ఎవర్ని చేసుకుంటారు మరి? మనలో చేసుకోరా బావల్ని?"

"కజిన్ అంటే ఎవరు?"

"కజిన్ అంటే... కజినే."

"అదేం చుట్టరికమే! మేనత్త కొడుకా? మేనమామ కొడుకా? పెదనాన్న కొడుకా? పెద్దమ్మ కొడుకా? ఒకడు బావ, ఇంకొకడు అన్న. ఒకణ్ణి చూస్తే తలుపు చాటుకి పోవాల, ఇంకొకణ్ణి చూస్తే పండక్కి చీరేదిరా అని నిలదియ్యాల. ఆ ఇద్దర్నీ కలిపి గంపగుత్తగా కజిన్ అంటే ఎట్టా? ఇన్ని దేశాలేలారు, బావకీ అన్నకీ రెండు మాటలు పెట్టుకోవడం చేతకాలా!"

"మేనమామ కొడుకేనేమో నాన్నా."

"మేనమామ కొడుక్కి ఇంటిపేరు ఎట్టా కలుస్తదే? ఇంటిపేరు కలిసిందంటే అన్నదమ్ముల పిల్లలు. అన్నాచెల్లెళ్ళు! అన్నాచెల్లెళ్ళు పెళ్ళాడిన ఇంటి నించి నాకు అల్లుడా? ఒంగోల్లో మొహం ఎట్టా చూపించేది?"

"ఒంగోల్లో ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసుగా."

"ఏమండీ, ఆ మహాతల్లి పోయి నూరేళ్ళు దాటింది. ఇప్పుడామెతో తగువేంది?"

"ఏడు తరాల లోపలే గదా ప్రభా? ఐదో తరం. తప్పించుకోవడానికి లేదు."

"సరే. ఆగు. వాళ్ళమ్మనే అడుగుదాం. ఫోన్ కలుపుతున్నా. నాన్నా, స్పీకర్ పెడతాను, నువ్వు గట్టిగా అరవకు. హలో, రాబర్ట్?"

"నమస్కారమండీ మావయ్యగారూ! అత్తయ్యగారూ! భోజనం చేశారా?"

"అప్పుడే మావయ్యేంది?"

"ఎంత ముద్దుగా అన్నాడండీ!"

"భోజనానికి వచ్చేవాడు భోజనం చేశారా అంటాడేందే?"

"నేను నేర్పింది ఆ రెండు ముక్కలే నాన్నా. రాబర్ట్, ఎక్కడున్నారు?"

"లువాస్ ట్రామ్. బెల్‌గార్డ్ స్టాప్. ఆల్ గ్రాండ్!"

"గ్రాండంటాడేంది? పెళ్ళి గ్రాండ్‌గా చెయ్యమంటన్నాడా?"

"బాగానే ఉందని అర్థం నాన్నా. ఇక్కడ కాలు విరిగినా గ్రాండే. రాబర్ట్, లిసెన్. విలియం, షార్లెట్. హౌ కజిన్స్? ఆస్క్ యువర్ మామ్. ఇప్పుడే!"

"షార్లెట్? వన్ సెకండ్. మామ్!"

"ట్రాములో అంతమందిలో అట్టా అరిస్తే జనం ఏమనుకుంటారే?"

"ష్, అమ్మా. ఆఁ... ఆఁ... నిజంగా?... నో! వాళ్ళెవరు?... ఓ మై గాడ్! రాబర్ట్, ఐ లవ్ యువర్ మదర్. బై, బై. బై బై బై. నాన్నా!"

"చెప్పు."

"షార్లెట్ వేక్‌ఫీల్డుల రక్తమే కాదంట! అలెప్పోలో కలరా వచ్చినప్పుడు పక్కింట్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ చనిపోతే, వాళ్ళ పసిపిల్లని విలియం వాళ్ళ బాబాయి ఎత్తుకొచ్చి పెంచుకున్నాడు. తన పేరే ఇచ్చాడు. రాబర్ట్‌కే తెలీదు ఈ సంగతి, ఏడుస్తున్నాడు ట్రాములో! వాళ్ళమ్మకి వాళ్ళ అత్తగారు చెప్పిందంట, మనసులోనే పెట్టుకుంది."

"అంతే. అత్తలు ఇట్టాంటివి కోడళ్ళకే చెప్తారు. కొడుకులకి చెప్పరు."

"ఎందుకని అమ్మా?"

"మగాళ్ళు కంగారు పడతారు."

"మీ కబుర్లు ఆపండి. అంటే, దత్తత."

"అవును నాన్నా! దత్తత! రక్తం వేరు! హమ్మయ్య!"

"హమ్మయ్యేంది? దత్తు చేసుకున్నాక వాళ్ళ బిడ్డే. వాళ్ళ ఇంటిపేరే. చెల్లెలు వరసే."

"రక్తసంబంధం లేదు కదా!"

"రక్తం ఎవరు చూశారమ్మా? శుభలేఖ మీద రక్తం గ్రూపు వేస్తారా? ఇంటిపేరు వేస్తారు."

"అన్యాయం నాన్నా! ఒకే రక్తం అనుకున్నప్పుడు అదీ తప్పే అన్నావు, వేరే రక్తం అని తేలితే ఇదీ తప్పే అంటున్నావు!"

"రెండూ చూడాల. ఇంటిపేరూ వేరుగా ఉండాల, రక్తమూ వేరుగా ఉండాల. ఏ ఒక్కటి తప్పినా అది పెళ్ళి కాదు."

"ఏమండీ, నాదో చిన్న అనుమానం. ఇంటిపేర్లు వేరే. రక్తం మాత్రం ఒకటే అయిందనుకోండి. అప్పుడో?"

"అది ఇంకా ఘోరం. మాట్లాడే పనే లేదు."

"తెలీక చేసుకుంటేనో?"

"తెలీకపోవడమేంది? తెలుసుకోవాల. అందుకే గదా మా బోటివాళ్ళం ఉన్నది."

"ఏదో, తెలీకే చేసుకున్నారనుకోండి. చక్కగా కాపరం చేసుకున్నారు. ఒక పిల్ల పుట్టింది. ఆ పిల్లకో సంబంధం వచ్చింది. మీ దగ్గరికొచ్చి అడిగితే, ఆ పిల్లని కాదంటారా?"

"నిర్మొహమాటంగా కాదంటా. పిల్ల బంగారమే కావచ్చు. వంశం వంశమే."

"మొహం మీదే చెప్తారా?"

"మొహం మీదే చెప్తా."

"అమ్మా, నువ్వు నా తరఫున వాదిస్తున్నావో, నాన్నకి ఇంకో పాయింట్ అందిస్తున్నావో నాకర్థం కావట్లేదు. నాన్నా, ఇటు చూడు. నాకు రాబర్ట్ కావాలి. నువ్వు కాదంటే చేసుకోను అని నేననను. చేసుకుంటా. కానీ ఏడుస్తా చేసుకుంటా. నువ్వు పీటల మీద కూర్చుని, కాళ్ళు కడిగి, నవ్వుతా ఇస్తే చేసుకోవాలని ఉంది నాకు. అంతే."

"నేను మాత్రం ఏడవనా ఆమనీ? కాదనడం నాకేమన్నా సరదానా? కానీ ఊళ్ళో రేపు ఎవడొచ్చి వరస అడిగినా ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావు?"

"ఇద్దరూ ఆపండి. అమ్మాయ్, వాన మొదలైంది. వాళ్ళ దగ్గర గొడుగుందో లేదో. నువ్వు పోయి స్టాపు దగ్గర ఎదురుపడు."

"ఇక్కడి వాళ్ళు వానకి గొడుగెయ్యరమ్మా."

"వాళ్ళెయ్యకపోతే నువ్వెయ్యి. మొదటిసారి ఇంటికొచ్చే వియ్యపురాలు తడిసి రావాలా?"

"వియ్యపురాలంట! ఇంకా నేనేం చెప్పలా ప్రభా!"

"మీరు చెప్తారు లెండి. పో అమ్మా."

ఆమని గొడుగు తీసుకుని విసురుగా వెళ్ళిపోయింది. మొగుడూ పెళ్ళాలిద్దరే మిగిలారు.

"తలుపేసిందా?"

"వేసింది. చూడు ప్రభా, నువ్వెంత నచ్చచెప్పినా..."

"నచ్చచెప్పను. ఒకటడుగుతా. మీ తాత పేరేంది?"

"ఇప్పుడెందుకు?"

"చెప్పండి. వాళ్ళందరివీ అడిగారుగా."

"మద్దిరాల కోటయ్య."

"ఆయనకో తమ్ముడుండాలే."

"చిన్నతాతా? ఉండేవాడంట. నేను చూళ్ళా. పసితనంలోనే పోయాడు."

"పోయాడు."

"అదే గదా చెప్తన్నా."

"గూడూరు పోయాడు."

"ఏంది?"

"పోయాడంటే చచ్చిపోయాడని మీరనుకున్నారు. ఆయన గూడూరు పోయాడండీ. దత్తు పోయాడు. పిల్లల్లేని చుండూరోళ్ళు తీసుకెళ్ళి పెంచుకున్నారు. ఇంటిపేరు మారింది, పెట్టిన పేరూ మారింది. తర్వాత పెద్దాళ్ళ మధ్య మాటా మాటా వచ్చి, వీళ్ళు వాళ్ళ పేరెత్తడం మానేశారు. ఎవరన్నా అడిగితే, పోయాడు అనేవాళ్ళు. అబద్ధం ఆడలేదు పాపం."

"ఉండు ఉండు. చుండూరోళ్ళా? గూడూరు చుండూరోళ్ళంటే..."

"ఆఁ."

"మీ పుట్టింటోళ్ళు గదా."

"మా తాత."

"నీకెవరు చెప్పారు?"

"మీ అమ్మ. ఆమని కడుపులో ఉన్నప్పుడు, కుంకుమపువ్వు పాలిస్తా చెప్పింది. గ్లాసు చేతిలో పెట్టి మరీ చెప్పింది. మా వాడితో అనబాకే, కంగారు పడతాడు అనింది."

"మా అమ్మకి తెలుసా? పెళ్ళికి ముందే తెలుసా?"

"ముందే తెలుసంట. కానీ ఆవిడకి నేను బాగా నచ్చానంట. మీరూ పెళ్ళిచూపుల్లో సున్నుండ నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయి నా వంకే చూస్తా కూర్చున్నారంటగా. ఆ మొహం చూసి ఆవిడ ఇంక నోరెత్తలా."

"నన్ను ఆడించడానికి చెప్తన్నావు నువ్వు. అంతేగదా? అంతేనని చెప్పు."

"ఆమని మీద ఒట్టు."

"అమ్మ నా తల్లో! ఇంత పెట్టుకుని ఇన్నేళ్ళూ ఎట్టా ఊరుకున్నావే?"

"మొదట్లో భయమేసింది. మీరు పక్కకి తిరిగి పడుకుంటే ఏడ్చా గూడా. తర్వాత ఒకరోజు పొద్దున్నే మీరే కాఫీ కలిపి తెచ్చారు. పంచదార ఎక్కువేశారు. అది తాగుతా అనుకున్నా. వరస సంగతి దేవుడు చూసుకుంటాడు, నాకు ఈ మనిషి కావాల అనుకున్నా. ఇందాక మన పిల్ల అన్నదీ ఆ ముక్కే. అందుకే ఊరుకోలేకపోయా."

"ఉండు. మీ తాతా మా తాతా ఒక తల్లి బిడ్డలైతే... మీ నాన్న, మా నాన్న అన్నదమ్ములవుతారు. అప్పుడు నువ్వు నాకు..."

"ఊఁ. చెప్పండి. ఒంగోలంతా మిమ్మల్నే గదా అడిగేది?"

"నోరు రావడంలా ప్రభా."

"రాదులెండి. ఇందాక ఎవరో మొహం మీదే చెప్తానన్నారు."

"నవ్వబాకు! ఇది నవ్వే సంగతా? నవ్వుతావేందే! నాక్కూడా వస్తా ఉంది, ఆపు! ఆమనికి తెలుసా?"

"తెలీదు. మీరు సరేనంటే ఎప్పటికీ తెలీదు."

"అనకపోతే?"

"టీవీ మీద ఇంకా చోటుంది గదండీ. వేక్‌ఫీల్డ్ వాళ్ళ పక్కనే మద్దిరాల వారిది గూడా రాయిద్దాం. రాబర్ట్‌కి ఇట్టాంటివంటే ఎంత ఇష్టమో."

"వద్దొద్దు! తల్లీ, నీకు దణ్ణం పెడతా!"

"అదిగో, బెల్లు మోగింది. వచ్చారు."

"ఇప్పుడు వాళ్ళకేం చెప్పమంటావు?"

"ఏడు తరాలూ చూశాను, వంశం దివ్యంగా ఉందని చెప్పండి."

"మరి షార్లెట్ విషయం అడిగితే?"

"మీరే చెప్పండి. ఏమంటారు?"

"షార్లెట్టా? షార్లెట్ ఎవరు? నేను చూళ్ళా."

"అట్టా అనండి! మళ్ళీ బెల్లు కొడతన్నారు పాపం, తడుస్తా నిలబడ్డారు. లేచి, కండువా సర్దుకుని, నవ్వుతా పోయి తలుపు తియ్యండి, అన్నయ్యా."